ఎంబీఏ కాలేజీల లిస్టు ఎక్కడ దెబ్బతింటోంది: సమస్య - పరిష్కారం

ఏటా డిసెంబరు చివరి వారంలో, ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ ఫలితం వచ్చాక, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, క్యాట్‌లో ఇంత వచ్చింది, ఏ కాలేజీలకు పెట్టమంటావు?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఇప్పటిదాకా ఎక్కడెక్కడ పెట్టావు? అవతల కాసేపు చప్పుడుండదు.

సమస్య: స్కోరు బాగుంది, ఫారాలు మూసేశారు

కారణం: రిజల్ట్ చూశాక లిస్టు రాసుకుందాం అనుకోవడం. క్యాట్ నవంబరు చివరి ఆదివారం, ఫలితం డిసెంబరు మూడో వారం అటూ ఇటూ. ముంబైలోని ఎస్పీజేఐఎంఆర్ కాలేజీ గడువు ఆ ఫలితానికి ముందే అయిపోతుంది. ఎక్స్ఎల్ఆర్ఐ కాలేజీకి ఎక్స్ఏటీ అని వేరే పరీక్ష ఉంది, జనవరి మొదట్లో రాయాలంటే డిసెంబరులోపే డబ్బు కట్టాలి. సింబయాసిస్ వాళ్ల స్నాప్ పరీక్ష ఫారం ఇంకా ముందే మూసేస్తారు.

పరిష్కారం: సెప్టెంబరులో ఒక కాగితం తీసుకుని కాలేజీ, పరీక్ష, గడువు, ఫారం ఖర్చు రాయండి. స్కోరు తెలియదు కదా అంటారు. చివరి ఐదారు మాక్ టెస్టుల సగటు చూసుకోండి, అదే మీ స్కోరు. ఒక్కసారి వచ్చిన పెద్ద మార్కు కాదు. ఐఐఎంలన్నిటికీ క్యాట్ ఫారం ఒక్కటే, అక్కడ పిసినారితనం అక్కర్లేదు. ఐఐటీల మేనేజ్‌మెంట్ విభాగాల ఫారాలు చాలావరకు ఫలితం వచ్చాకే నడుస్తాయి, ఆలస్యంగా లేచినవాళ్లకు మిగిలేవి అవే.

ఇంత చెప్పినా వచ్చే ఏడాది అవే ఫోన్లు వస్తాయని నాకు తెలుసు.

సమస్య: మొత్తం పర్సంటైల్ 96, ఒక్క ఇంటర్వ్యూ కాల్ లేదు

కారణం: మనవాళ్లలో ఎక్కువమంది క్వాంట్ (లెక్కలు) ఇరగదీసి ఇంగ్లిష్ సెక్షన్ వదిలేస్తారు. ఆ ఇంగ్లిష్ సెక్షన్‌లో, అంటే వీఏఆర్‌సీలో, పర్సంటైల్ 62 ఉంటే (వందలో 62 మందిని మాత్రమే దాటితే) మొత్తం ఎంతున్నా చాలా ఐఐఎంలు చూడవు, సెక్షన్‌కు విడిగా కటాఫ్ ఉంటుంది. అది దాటినా పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మార్కులు కలిపి లెక్కేస్తారు. వెబ్‌సైట్‌లో కనిపించే 85 లాంటి అంకె గేటు దాటడానికి మాత్రమే, కాల్ వచ్చే అంకె దానికి చాలా పైన ఉంటుంది.

పరిష్కారం: ఐఐఎంలు తమ అడ్మిషన్ పాలసీని వెబ్‌సైట్‌లో పెడతాయి. ఆ పాలసీ ప్రకారం మీ మార్కులు వేసుకుని చూడండి, అరగంట పని.

సమస్య: కాల్ వచ్చింది, ఇంటర్వ్యూ రోజు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయింది

ఇది నాకు తగిలిన దెబ్బ.

మా బాబాయి కొడుకు ఎంసెట్ నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ దాకా అన్నిచోట్లా బీసీనే. క్యాట్ ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చున్నది నేనే. కేటగిరీ దగ్గర వాడు ఆగాడు. "బీసీ అంటే ఓబీసీయే కదరా, కొట్టు" అన్నది కూడా నేనే. చేతిలో ఉన్న బీసీ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాం, ఫారం తీసుకుంది. 88 వచ్చింది. ఎన్‌సీ-ఓబీసీ (నాన్ క్రీమీలేయర్, అంటే ఓబీసీల్లో సంపన్న వర్గం కానివాళ్లు) కటాఫ్‌లు చూసుకునే లిస్టు కట్టాం కాబట్టి అంతా సజావుగానే కనిపించింది, ఒక పెద్ద సంస్థ నుంచి కాల్ కూడా వచ్చింది.

కాగితాలు చూసే బల్ల దగ్గర ఒకావిడ ల్యాప్‌టాప్‌లో కేంద్ర జాబితా తెరిచి, ఆంధ్రప్రదేశ్ పేజీ పైనుంచి కిందికి వెళ్లింది. మళ్లీ కిందినుంచి పైకి వచ్చింది. "మీ కులం పేరు ఇందులో లేదు" అంది. వాడు ఇంటర్వ్యూ గది తలుపు దాకా కూడా వెళ్లలేదు.

కారణం ఇది: బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్నది రాష్ట్రం జాబితా. ఐఐఎంలు, ఐఐటీలు, ఢిల్లీ యూనివర్సిటీ ఎఫ్ఎంఎస్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూసేది కేంద్ర ఓబీసీ జాబితా. రెండింట్లోనూ ఉన్న కులాలే ఎక్కువ, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రాష్ట్రంలో ఉండి కేంద్రంలో లేనివీ ఉన్నాయి. ఫారం నింపే రోజు దాన్ని ఎవరూ సరిచూడరు.

అసలు మంట ఇంకోటి. కేంద్ర జాబితాలో లేరంటే కేంద్రం లెక్కలో వాడు జనరల్, అంటే ఈడబ్ల్యూఎస్‌కు (ఆర్థికంగా వెనకబడ్డ జనరల్ వాళ్ల కోటాకు) అడగొచ్చు. బాబాయిది టైలరింగ్ షాపు, సెంటు పొలం లేదు. ఆ సర్టిఫికెట్ వచ్చేదే. కానీ రిజిస్ట్రేషన్ గడువు దాటాక కేటగిరీ మార్చరు. ఆ ఏడాది అలా పోయింది.

పరిష్కారం: క్యాట్ ఫారం ఆగస్టులో తెరుస్తారు, మీరు జూన్‌లో కదలండి. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో కేంద్ర జాబితా ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు విడివిడిగా ఉంటుంది, మీ రాష్ట్రానిదే చూడండి. మీ సర్టిఫికెట్ మీద ఉన్న కులం పేరు అక్షరం అక్షరం పోల్చండి, ఒకే కులానికి నాలుగు పేర్లు రాసి ఉంటాయి.

పేరు ఉంటే సగం పనే అయింది. మామూలు బీసీ సర్టిఫికెట్ చెల్లదు, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీసేవలోనో సచివాలయంలోనో అడిగేటప్పుడు "సెంట్రల్ ఫార్మాట్" అని నొక్కి చెప్పండి, లేకపోతే అలవాటు కొద్దీ మామూలుదే ఇస్తారు. తేదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతది ఉండాలి, నిరుటిది పనికిరాదు.

పేరు లేకపోతే ఈడబ్ల్యూఎస్ చూడండి. ఓబీసీకీ దీనికీ ఏడాది ఆదాయ పరిమితి 8 లక్షలే అంటారు గానీ లెక్క ఒకటి కాదు. ఈడబ్ల్యూఎస్‌లో జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు, 5 ఎకరాలు ఆపైన పొలం ఉంటే అసలు రాదు. ఓబీసీకి అమ్మానాన్నల ఉద్యోగ హోదా కూడా చూస్తారు.

ఇవేవీ రాకపోతే జనరల్ కటాఫ్‌లతో లిస్టు మళ్లీ రాయండి. కొన్నిచోట్ల పది పర్సంటైల్ తేడా ఉంటుంది, సగం పేర్లు కొట్టేయాల్సి రావచ్చు. ఎక్స్ఎల్ఆర్ఐ, ఎస్పీజేఐఎంఆర్, ఐఎస్‌బీల్లో ఓబీసీ కోటా ఎలాగూ లేదు, వాటి దగ్గర ఈ గొడవే రాదు.

సమస్య: సీటు వచ్చింది, చేరాలో వద్దో తేలడం లేదు

కారణం: లిస్టులో ఫీజు గడి లేదు. ఐఐఎం అహ్మదాబాద్ ఫీజు పాతిక లక్షలు దాటింది, ఎఫ్ఎంఎస్ దాని పక్కన చిల్లర. ప్యాకేజీ సగటు చూసి మురిసిపోకండి, ఇద్దరు విదేశాలకు వెళ్తే సగటు లేచి కూర్చుంటుంది. మీడియన్ (వరుసలో మధ్యవాడి ప్యాకేజీ) అడగండి, ఐపీఆర్ఎస్ అనే ప్లేస్‌మెంట్ లెక్కల ప్రమాణం పద్ధతిలో ఆడిట్ అయిన నివేదిక ఉందేమో చూడండి. ఎన్ఎంఐఎంఎస్ ముంబై అంకెలు జడ్చర్ల క్యాంపస్‌వి కావు, పేరు ఒకటే అయినా.

మిగతావి అరుదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉందని రాత్రంతా టెన్షన్ పడేవాళ్లున్నారు, అఫిడవిట్‌తో పోతుంది. సంతకం ఫొటో మసకగా వచ్చిందా, సరిచేసుకోవడానికి కొన్ని రోజులు ఇస్తారు. డబ్బు రెండుసార్లు కట్ అయితే హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ పెట్టండి, నాకు కాదు.