పాత నలుపు తెలుపు ఫోటోలను అందరితో పంచుకోవడం ఎలా?

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక ఫోటో ఉంది. నూతి గట్టు దగ్గర ఐదుగురు ఆడవాళ్లు నిలబడి ఉంటారు. ఇద్దరెవరో మాకు తెలుసు. మిగతా ముగ్గురి పేర్లు మా ఇంట్లో చెప్పగలిగింది అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ ఉన్నన్నాళ్లూ మేమెవరం అడగలేదు. ఎంత ఖరీదైన స్కానర్ తెచ్చినా ఆ మూడు పేర్లూ తిరిగి రావు. అందుకే అందరూ చివర్లో చూసుకుందాంలే అనుకునే పనిని నేను మొదట చెబుతున్నాను.

ముందు పేర్లు, తర్వాతే స్కానింగ్

ఫోటోలు తీసుకుని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. ఒక పూటకు పది, పదిహేను ఫోటోలు చాలు. అంతకుమించితే వాళ్లు అలిసిపోతారు, జవాబులు కూడా పొడిపొడిగా వస్తాయి. ప్రతి ఫోటోకూ ముందు నంబరు చెప్పి, తర్వాత ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కరి మీదా వేలు పెట్టి అడగండి. ముఖాలు మరీ చిన్నగా ఉంటే ఫోన్‌తో ఒక ఫోటో తీసి, పెద్దది చేసి చూపించండి.

"ఇది ఏ సంవత్సరం నానమ్మా?" అని అడిగితే చాలాసార్లు "ఏమో" అనే జవాబే వస్తుంది. అదే "ఉప్పెనకు ముందా, తర్వాతా?" అని అడిగి చూడండి. కృష్ణా జిల్లా తీరంలో పెరిగినవాళ్లకు ఉప్పెన అంటే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనే. అలాగే పుష్కరాలు: గోదావరికి 1967, 1979, 1991లో, కృష్ణకు 1968, 1980, 1992లో వచ్చాయి. "నీ పెళ్లికి ముందా?", "పెద్దోడు పుట్టాడా అప్పటికి?" అనే ప్రశ్నలు కూడా బాగా పనిచేస్తాయి. ఫోటోలో చంకనున్న బిడ్డ ఎవరో తేలితే చాలు, ఏడాది దాదాపు తేలినట్టే.

ఆడవాళ్ల విషయంలో ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి. "ఫలానా వాళ్ల కోడలు", "బాబాయి భార్య" అని చెప్పి వదిలేస్తారు. ఆవిడ సొంత పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఏ ఊరి ఆడపడుచో కూడా అడగండి. యాభై ఏళ్ల తర్వాత ఆవిడ పుట్టింటివాళ్లు ఈ ఫోటోను గుర్తుపట్టాలంటే ఆ మూడే ఆధారం.

ఫోటో వెనక్కి తిప్పి చూడటం మరవకండి. స్టూడియో ముద్రలో "బెజవాడ" అని ఉందా, "విజయవాడ" అని ఉందా? ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే ఆ ప్రింటు 1972 ఆగస్టు 15 తర్వాతిదే, ఎందుకంటే పిన్‌కోడ్లు మొదలైంది ఆ రోజే. ఒక్క జాగ్రత్త: ముద్ర చెప్పేది ప్రింటు వయసును. పాత నెగెటివ్ నుంచి పదేళ్ల తర్వాత మళ్లీ ప్రింటు వేయించుకున్నవాళ్లూ ఉన్నారు.

తెలిసిన వివరాలను ఫోటో వెనకాల మెత్తటి పెన్సిల్‌తో, ఒత్తకుండా, అంచు దగ్గర రాయండి. బాల్‌పెన్ను వద్దు. దాని గాటు ముందువైపు ముఖం మీద తేలుతుంది.

ఆల్బమ్ నుంచి, ఫ్రేము నుంచి తీయడం

చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఫోటోను అంచులు పట్టుకుని ఎత్తండి. దుమ్ము ఉంటే మెత్తటి పొడి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ, ఉమ్మి, స్పిరిట్ లాంటివి దగ్గరికి రానీయకండి. ఈ ఫోటోల మీది బొమ్మ వెండి రేణువులతో, జెలటిన్ పొరలో ఉంటుంది. తడి తగిలితే జెలటిన్ ఉబ్బి, వేలికి అంటుకుని ఊడివస్తుంది.

నల్ల అట్ట పేజీల మీద మూలలకు కాగితపు కార్నర్లు పెట్టిన పాత ఆల్బమ్ అయితే ఫోటో సులువుగానే వస్తుంది. తర్వాత వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లతోనే కష్టం. ప్లాస్టిక్ కాగితం కింద ఫోటో అతుక్కుపోయి ఉంటుంది. లాగితే చిరుగుతుంది. రానంటే పేజీతో పాటే స్కాన్ చేయండి. పటం కట్టించిన ఫోటో అద్దానికి అంటుకుపోయినా ఇదే మాట. అద్దంతో సహా కాపీ తీసుకోండి, విడదీయాలని చూడకండి. వానాకాలం చెమ్మకు ఇలా అతుక్కున్న పెళ్లి ఫోటోను లాగి, పెళ్లికొడుకు ముఖం అద్దం మీదే ఉండిపోయిన ఇల్లు నాకు తెలుసు.

ప్రింటును కాపీ చేయడం

ఫ్లాట్‌బెడ్ స్కానర్, అంటే ఫోటోను అద్దం మీద బోర్లించి మూత వేసే రకం ఉంటే అన్నిటికన్నా మంచిది. మామూలు ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) పెట్టండి. అరచేతిలో సగం కూడా లేని చిన్న ఫోటోలకు 1200. నలుపు తెలుపు ఫోటోనే అయినా కలర్‌లోనే స్కాన్ చేయమని నా సలహా. గోధుమరంగు తిరిగిన కాగితం, చేత్తో అద్దిన బుగ్గల ఎరుపు, పక్కన రాసిన సిరా, అన్నీ అలాగే వస్తాయి. బూడిదరంగుకు మార్చుకోవడం ఎప్పుడైనా చేయొచ్చు. అసలు ఫైలును టిఫ్‌గా (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు) దాచి, పంపడానికి దాని నుంచి జేపెగ్ (చిన్న ఫైలు) చేసుకోండి. అంచులు కత్తిరించకుండా వెనకవైపు కూడా స్కాన్ చేయండి.

స్కానర్ లేకపోతే ఫోనే చాలు. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, బల్ల మీద ఫోటో పరచండి. ఫ్లాష్ ఆపేయండి. ఫోన్ ఫోటోకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. కాస్త వంగినా మనుషులు ఒకవైపు సాగిపోతారు. మెరిసే కాగితం మీద మీ నీడో, తెల్ల చొక్కానో కనిపిస్తుంటే ముదురు రంగు బట్టలు వేసుకుని మళ్లీ తీయండి.

నెగెటివ్‌లు దొరికితే

ఆల్బమ్ వెనక కవర్లో పొట్లం కట్టిన నెగెటివ్‌లు దొరికితే మీది మంచి అదృష్టం. వాటిని "ఎలాగూ ప్రింట్లు ఉన్నాయిగా" అని పారేయకండి. ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలో "120" అనే రకం ఫిల్ము రీలు ఒకటి వేస్తే 12 ఫోటోలు వచ్చేవి. ఒక్కో నెగెటివ్ రెండుంపావు అంగుళాల చతురస్రం. ఖర్చు తగ్గుతుందని చాలామంది అదే సైజు ప్రింటు వేయించుకునేవారు. అందులో ముఖం పెసరగింజంత ఉంటుంది. ఆ నెగెటివ్‌నే 2400 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో వైపు ఐదు వేలకు పైగా పిక్సెల్స్ వస్తాయి. ప్రింటులో చుక్కలా ఉన్నది ముక్కుపుడక అని అప్పుడు తెలుస్తుంది.

మామూలు స్కానర్ నెగెటివ్‌ను చదవలేదు. మూతలోంచి వెలుగు వచ్చే రకం కావాలి, లేదా నెగెటివ్ స్కానింగ్ చేసే స్టూడియోకు ఇవ్వాలి. ఇంట్లో చేసుకోవాలంటే ట్యాబ్ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దానికి కాస్త ఎత్తులో, తెరకు తగలకుండా నెగెటివ్‌ను నిలిపి, గది చీకటి చేసి ఫోన్‌తో తీయండి. తెరకు తగిలించి పెడితే తెర చుక్కలు కూడా పడతాయి. తర్వాత ఫోటో యాప్‌లో రంగులు తిరగేస్తే (ఇన్వర్ట్ చేస్తే) బొమ్మ వస్తుంది.

బొమ్మ కుడిఎడమలు తారుమారయిందేమో చూసుకోండి. ఫిల్ము అంచు మీది అంకెలు సరిగా చదవగలగాలి. మన ఫోటోల్లో ఇంకో గుర్తు కూడా ఉంది: మన వైపు పైట సాధారణంగా ఎడమ భుజం మీదే ఉంటుంది. అందరికీ కుడి భుజం మీద కనిపిస్తే నెగెటివ్ తిరగబడినట్టే.

పొట్లం విప్పగానే పుల్లటి వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము కుళ్లిపోవడం మొదలైందని అర్థం. ఆ ఆవిరి పక్కనున్నవాటినీ పాడుచేస్తుంది. వాటిని వేరుచేసి, అన్నిటికన్నా ముందు అవే స్కాన్ చేయించండి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు ప్లేట్లు ఇవాళ ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయంటే, అది ఇంట్లోవాళ్లు బరువనుకోకుండా దాచబట్టే.

పంపడం

ఫైలు పేరులోనే కథ ఉండాలి: "1968 కృష్ణా పుష్కరాలు, ఎడమ నుంచి..." అని పేర్లు, ఊరు. తెలియని మనిషి దగ్గర "తెలియదు" అనే రాయండి. ఊహించి రాసిన పేరు నాలుగు ఫోన్లు తిరిగేసరికి నిజమైపోతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ కింద రాసిన మాటలు విడిపోతాయి. అందుకని ఫోటో కింద తెల్లటి పట్టీ ఒకటి చేర్చి, పేర్లు అందులోనే టైప్ చేయండి. అప్పుడు ఫోటో ఎక్కడికి వెళ్లినా పేర్లు వెంట వెళ్తాయి. అసలు ఫైళ్లన్నీ ఒక డ్రైవ్ ఫోల్డర్‌లో, ఒక హార్డ్‌డిస్క్‌లో, వేరే ఊళ్లోని బంధువు ఇంట్లో ఇంకో కాపీ.

ఎనభై ఫోటోలు ఒకేసారి గ్రూపులో గుమ్మరించకండి. ఆదివారానికి ఒకటి చాలు. ఒక్కటే ఉంటే అందరూ ఆగి చూస్తారు, వాయిస్ మెసేజ్‌లు పెడతారు. ఆ మెసేజ్‌లను కూడా ఫోటోతో పాటే దాచండి.

గీతలు, మరకలు తీయించినా, ఏఐ యాప్‌తో రంగులు వేయించినా పక్కన అసలు ఫోటో తప్పక పెట్టండి. యాప్ వేసే చీర రంగు ఉత్త ఊహే. కొన్నిసార్లు ముఖాన్ని నున్నగా చేసి వేరే మనిషిని తయారుచేస్తుంది. మనవళ్లు దాన్నే ముత్తవ్వ అనుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంటి గ్రూపు దాటి ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు అడగాల్సినవాళ్లను అడగండి. చనిపోయినప్పుడు తీసిన ఫోటోలు, తర్వాత విడిపోయిన దంపతుల పెళ్లి ఫోటోలు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒళ్లో ఆ బిడ్డ ఫోటో, ఇలాంటివి చూసేవాళ్లకు జ్ఞాపకం, అయినవాళ్లకు గాయం. ఇక హక్కుల మాట: డబ్బిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు అని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతుంది. ముద్ర కనిపిస్తే ఆ స్టూడియో పేరు కూడా రాయడం మర్యాద.

ఫోన్ చూడలేని పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్లకోసం ఏ4 సైజులో ప్రింటు తీయించి చేతికివ్వండి. మా నూతి గట్టు ఫోటోను అలాగే తీసుకెళ్లి అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక పెద్దావిడకు చూపించాను. చాలాసేపు చూసి, చివరనున్న ఆవిడ మీద వేలు పెట్టి పేరు చెప్పారు. ఫైలు పేరులో ఇంకా రెండు "తెలియదు"లు ఉన్నాయి.