చేతబడి సీరియల్‌లో మలుపు ఎపిసోడ్: మిద్దె ఇంట్లో తీసే పద్ధతి

పుర్రె, బొమ్మ, పొగ, గుడ్లగూబ అన్నీ ఒకే సీన్‌లో కుక్కేస్తే మలుపు ఎపిసోడ్ నవ్వులపాలవుతుంది. ఒక్క వింత చాలు. అదీ షాట్ తెగకుండా జరగాలి. గుమ్మానికి కట్టిన పసుపు గుడ్డ మీద ఎర్రటి అరచెయ్యి దానంతటదే పుట్టడం ఇందుకు బాగా నప్పుతుంది. గ్రాఫిక్స్ అక్కర్లేదు, పసుపు, తాంబూలం సున్నం ఉంటే చాలు.

పలుచని పాత పంచె తీసుకోండి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించకపోతే పసుపులో ముంచగానే మచ్చలు మచ్చలుగా ఎర్రబడుతుంది. లీటరు వేడినీళ్లలో మూడు చెంచాల పసుపు కలిపి ముంచి, నీడలోనే ఆరేయాలి. ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. గ్లాసు నీళ్లలో అర చెంచా సున్నం కలిపి, రెండు గంటలు తేరనిచ్చి, పైతేట మాత్రం వంచుకోండి. మడ్డి కలిస్తే ముద్ర చుట్టూ తెల్లగా పేరుకొని గుట్టు బయటపడుతుంది.

నటి గుడ్డ వెనక నిలబడి, తేటలో చెయ్యి ముంచి, నిదానంగా ఒత్తాలి. ముందువైపు మొదట ఉబ్బు, ఆ వెంటనే ఎరుపు. వెనక ఏ దీపమూ ఉండకూడదు, తడిసినచోట మనిషి నీడ కనిపిస్తుంది. షాట్ అవగానే చెయ్యి కడగాలి, కళ్లు తాకకూడదు. చేతిమీద పుండుంటే సున్నం వద్దు, సబ్బు నీళ్లతో సరిపెట్టుకోండి. రంగు కాస్త తగ్గుతుంది, అంతే.

వెలుగుకు కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లోని మట్టి మిద్దెను మించిన సెట్టు లేదు. గవాచి (మిద్దె కప్పులో వెలుతురుకు వదిలే కంత) పైనుంచి తెల్ల ఎల్‌ఈడీ దీపం దించి, లోపల కొంచెం సాంబ్రాణి వేస్తే వెన్నెల ధారలాగా దిగుతుంది. నేలమీద కడప బండలుంటే తడిగుడ్డతో తుడవండి, ఆ వెలుగు మళ్లీ ముఖాల మీదికి లేస్తుంది. ఫోన్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు గీతలు చాలావరకు తగ్గుతాయి. వైట్ బ్యాలెన్స్ (ఫోన్ తనంతట తాను రంగులు సరిచేసుకునే సెట్టింగ్) లాక్ చేయకపోతే ఫోనే పసుపును తెలుపు చేసి, ఎరుపును చంపేస్తుంది.

అసలు మలుపు రంగులో లేదు, ఆ చెయ్యి ఎవరిదన్నదాంట్లో ఉంది. ఒత్తేటప్పుడు చిటికెనవేలు మడవమనండి, నాలుగు వేళ్లే పడతాయి. ఆ వేలు లేని మనిషిని మొదటి ఎపిసోడ్‌లోనే, అన్నం వడ్డిస్తూనో బీడీ ముట్టిస్తూనో, చూపించి ఉండాలి. అత్త "ఈ చెయ్యి ఎవురిదే?" అంటే, కోడలు "నాకేం తెల్సత్తా" అని ఎటో చూస్తే చాలు, సంగీతం కూడా ఆపేయండి. ఊరి చివర ఒంటరి ముసలామెను మంత్రగత్తెను చేయడం మాత్రం వద్దు. పాత చింతకాయ పచ్చడి, పైగా పల్లెల్లో అలాంటి అనుమానంతోనే మనుషుల్ని కొడతారు.

నిమ్మకాయలో రక్తం ఇంకో ఎపిసోడ్‌కు దాచుకోండి. స్టీలు కత్తికి ఎర్ర మందార రసం రెండుసార్లు పూసి ఆరబెట్టి కోస్తే సరి. తీశాక ఆ కాయలు మూడు దారుల కాడ వదిలేయకండి, తెల్లారేసరికి ఊళ్లో పంచాయితీ అవుతుంది.

ఎరుపు ఆరేకొద్దీ గోధుమరంగుకు దిగుతుంది కాబట్టి క్లోజప్పులు వెంటనే తీయండి. రీటేక్ కావాలంటే నిమ్మనీళ్లు చల్లితే పసుపు తిరిగొస్తుంది గానీ అంచు మరక మిగులుతుంది. అందుకే మూడు గుడ్డలు ఒకే గిన్నెలో ముంచి పెట్టుకోండి, వేర్వేరుగా ముంచితే రంగు తేడా ఎడిటింగ్‌లో దొరికిపోతుంది.