టైల్స్ షాపుకు వెళ్లేముందు

షోరూమ్ లైట్ల కింద ప్రతి టైలూ మెరుస్తుంది. అందుకే ముందు ఏ గదిలో నీళ్లు, నూనె, ఎండ ఎంత పడతాయో ఒక కాగితం మీద రాసుకోండి.

బాత్‌రూమ్: ఎక్కువసేపు ఆలోచించాల్సింది దీని గురించే. నున్నటి టైల్ వద్దే వద్దు, మ్యాట్ (మెరుపు లేనిది) లేదా యాంటీ స్కిడ్ (కాలు జారనిది) మాత్రమే. శాంపిల్ మీద నీళ్లు పోసి తడి పాదంతో రుద్ది చూడండి. షాపువాళ్లు నవ్వితే నవ్వనీ. అడుగు బై అడుగు సైజైతే నీళ్లు పోయే జాలీ వైపు వాలు బాగా కుదురుతుంది. బాత్‌రూమ్ నేల గది కన్నా కాస్త కిందికి ఉండాలని మేస్త్రీకి ముందే చెప్పండి.

వంటిల్లు: మార్బుల్ మీద నిమ్మరసం, చింతపండు పులుసు పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. గ్రానైట్ గానీ, విట్రిఫైడ్ (నీళ్లు దాదాపు పీల్చని గట్టి టైల్) గానీ నయం.

హాలు, పడగ్గదులు: విట్రిఫైడ్ చాలు. చెక్క ఫ్లోరింగ్ మీద మోజుంటే, రోజూ తడిగుడ్డ పెట్టే అలవాటు మానగలరేమో ఇంట్లో అడగండి.

వరండా: తాండూరు బండలు చవక, మన్నిక కూడా. కడప నల్లబండ ఎండకు కాలుతుంది, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం.

కొనేటప్పుడు: అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు, షేడ్ ఒకటేనా? కోతల్లో పోయేవాటికి 10 శాతం ఎక్కువ తీసుకోండి. మిగిలినవి అటక మీద దాచండి, తర్వాత అదే డిజైన్ దొరకడం కష్టం.

పాత నేల మీదే కొత్త టైల్ వేయిస్తుంటే నేల ఎత్తు పెరుగుతుంది, తలుపులు తగలకుండా వాటి కింద సందు కొలవండి.