డిక్షనరీ నుంచి ఎక్స్‌ఎంఎల్‌కు, మల్ల వాపస్ – పాఠం 4: 341 మిర్చి పెట్టిన లొల్లి

పోయిన పాఠంల మామూలు క్లాస్‌ని ఎక్స్‌ఎంఎల్ చేసుడు చూసినం గదా, సీ షార్ప్ల ఎక్స్‌ఎంఎల్ సీరియలైజర్‌కు ఆబ్జెక్ట్ ఇస్తే అదే ట్యాగులు రాసుకుంట పోయింది, మనకు పనే లేకుండె. అదే ఊపుల మీల కొంతమంది డిక్షనరీని (ఒక్కో కీకి ఒక వాల్యూ జోడు చేసి పెట్టుకునేది) కూడ దాని చేతుల పెట్టి ఉంటరు, నాట్ సపోర్టెడ్ ఎక్సెప్షన్ అని ఎర్రర్ మొఖం మీద కొట్టి ఉంటది. మీ తప్పేం లేదు. ఐడిక్షనరీ ఇంటర్‌ఫేస్ ఉన్న క్లాస్ ఇస్తే, దానికి రాసుడు చదువుడు మనమే నేర్పకపోతే, సీరియలైజర్ నాతోని కాదు అంటది, గంతే. మరి మనమే దారి చూసుకోవాలె.

ఉదాహరణకు ఎక్కడికో పోవుడెందుకు, మన వరంగల్ ఏనుమాముల మార్కెట్ ఉండనే ఉంది. మిర్చి రకం పేరు కీ, క్వింటాల్ ధర వాల్యూ. తేజ, వండర్ హాట్, 341, చపాట, నాలుగు రకాలు చాలు. ధరలు నేను ఊకె ఏసిన నంబర్లు, ఇవి చూసి బస్తాలు ట్రాలీకి ఎత్తకుండ్రి.

మొదట్ల ఎవరికైనా వచ్చే ఆలోచన ఏందంటే కీనే ట్యాగ్ పేరు చేసుడు, <తేజ>14000</తేజ> అని. చూడనీకి మస్తుంటది (ట్యాగుల పేర్లు తెలుగుల పెట్టినా ఎక్స్‌ఎంఎల్ ఒప్పుకుంటది, అందుకే ఇక్కడ తెలుగులనే రాస్తున్న). నేను గిట్లనే రాసి తేజ ఒక్కటి పెట్టి టెస్ట్ చేసి అయిపోయింది అనుకున్న. తర్వాత వండర్ హాట్ వచ్చింది, మధ్యల స్పేస్. దాని ఎనక 341 వచ్చింది, అంకెతోనే మొదలు. ట్యాగ్ పేర్ల స్పేస్ ఉండొద్దు, అంకెతోని మొదలు కావద్దు, 1998ల ఎక్స్‌ఎంఎల్ 1.0 వచ్చినప్పటి సంది ఇదే రూల్. సీ షార్ప్ల ట్యాగ్ తయారు చేసే ఎక్స్ ఎలిమెంట్ క్లాస్ అయితే మంచిది, అక్కడికక్కడ్నే ఎక్సెప్షన్ ఇచ్చి ఆపుతది. పైథాన్ల ఎలిమెంట్ ట్రీ అనే ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ వాడేటోళ్లు జర పైలం, అది రాసేటప్పుడు ఏమనది, <341> అని నిమ్మలంగ రాసి ఫైల్ చేతుల పెడతది, తెల్లారి ఆ ఫైల్ చదవబోతే పార్సర్ అప్పుడు మొత్తుకుంటది.

కీ అంటే డాటా. రేపు మార్కెట్‌కు ఏ పేరుతోని ఏ రకం వస్తదో మనకెట్ల తెలుస్తది? అందుకని ట్యాగ్ పేరు ఫిక్స్ ఉంచి, కీని ఆట్రిబ్యూట్ల (ట్యాగ్ లోపట్నే పేరు = విలువ అని రాసేది) పెడతం:

<రేట్లు>
  <రకం పేరు="తేజ" ధర="14000" />
  <రకం పేరు="వండర్ హాట్" ధర="15500" />
  <రకం పేరు="341" ధర="13000" />
  <రకం పేరు="చపాట" ధర="30000" />
</రేట్లు>

జావాల కూడ 2004ల వచ్చిన జావా 5 సంది ప్రాపర్టీస్ క్లాస్ ఇదే పద్ధతిల రాస్తది, ఎంట్రీ అనే ట్యాగ్, దాంట్ల కీ ఆట్రిబ్యూట్.

ఇగ కోడ్. ఇక్కడ ఇంకో గుంత ఉంది, నేను పడ్డ. డిక్షనరీ వద్దంటే లిస్ట్ ఇస్త అనుకొని, రెడీమేడ్‌గ ఉన్న కీ వాల్యూ పెయిర్ తోని లిస్ట్ చేసి సీరియలైజర్‌కు ఇచ్చిన. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, ఫైల్ వచ్చింది, తెరిచి చూస్తే నాలుగు ఖాళీ ట్యాగులు! లోపట ఏం లేదు. హన్మకొండల రూంల రాత్రి పన్నెండు దాక డిక్షనరీనే ఖాళీ ఉన్నదేమో అని బ్రేక్‌పాయింట్లు పెట్టుకుంట కూసున్న. సంగతేందంటే ఆ పెయిర్ల కీకి, వాల్యూకి గెట్ ఒక్కటే ఉంటది, సెట్ ఉండదు. సెట్ లేని ప్రాపర్టీని వాపస్ నింపలేడు గనుక సీరియలైజర్ దాన్ని రాయనే రాయడు, సప్పుడు చేయకుంట దాటేస్తడు.

సో మన సొంత చిన్న క్లాస్ రాసుకోవాలె, రకం అని. పబ్లిక్ క్లాస్, పేరు, ధర రెండు ప్రాపర్టీలు, రెండిటికీ గెట్, సెట్ రెండూ, మీద ఎక్స్‌ఎంఎల్ ఆట్రిబ్యూట్ అని గుర్తు, ఖాళీ కన్‌స్ట్రక్టర్ (పారామీటర్లు లేనిది) పోకుండ చూసుకోవాలె. డిక్షనరీ మీద లూప్ తిప్పి ఒక్కో జోడుకు ఒక్క రకం ఆబ్జెక్ట్ చేసి లిస్ట్ల ఏసి, ఆ లిస్ట్‌ని సీరియలైజర్‌కు ఇస్తే పైన చూపెట్టినట్టు వస్తది, బయటి ట్యాగ్‌కు రేట్లు అన్న పేరు ఎక్స్‌ఎంఎల్ రూట్ ఆట్రిబ్యూట్ తోని చెప్పాలె.

వాపస్ వచ్చేటప్పుడు లిస్ట్ చదివి టు డిక్షనరీ అంటే చాలు. కాని ఎక్స్‌ఎంఎల్ల తేజ రెండుసార్లు ఉన్నా ఫైల్ తప్పు కాదు, డిక్షనరీల మాత్రం కుదరదు, టు డిక్షనరీ అక్కడ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ ఏస్తది. కొంతమంది అది తప్పించుకోనీకి లూప్ల ఇండెక్సర్ తోని (బ్రాకెట్ల కీ పెట్టి) ఏస్తరు, అప్పుడు ఎనకొచ్చిన ధర ముందుదాన్ని మింగుతది, ఎవరికీ తెల్వదు. నేనైతే ఎక్సెప్షన్ రానియ్యమనే అంట. ఎవరన్న ఫైల్ తెరిచి 14,000 అని కామా పెట్టినా చదివేటప్పుడు పగులుతది, అది కూడ మంచిదే.

వచ్చే పాఠానికి పని: ఒక రకం పేర్ల & గుర్తు పెట్టి, ఒకసారి డిక్షనరీ మొత్తం ఖాళీగ ఉంచి, రెండిట్ల ఏమొస్తదో నడిపి చూసి పెట్టుకోండ్రి. పాఠం 5ల లిస్ట్ లేకుండ డిక్షనరీకే రాసుడు చదువుడు నేర్పుదం, దాంట్ల ఫైల్ చదివే రీడర్ ఆఖరి ట్యాగ్ దాటకపోతే ఎనక ఉన్న ప్రాపర్టీలు ఎట్ల మాయమైతయో చూపెడత.