లివర్ జబ్బే గానీ గోల ఒళ్లంతా: హెపటైటిస్ సి

పిక్కల మీద మచ్చలకు ఒక డాక్టరు, కీళ్ల నొప్పులకు ఇంకొకరు, మూత్రంలో నురగకు మరొకరు. ఫైళ్లు మూడవుతాయి. మూడింటికీ మూలం ఒక్క వైరస్సే కావచ్చన్న అనుమానం చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది.

సమస్య: కాళ్ల మీద తడిమితే తెలిసే ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పులు, నీరసం, పాదాల్లో తిమ్మిర్లు

కారణం: వైరస్ ఏళ్ల తరబడి రెచ్చగొడుతుంటే బి కణాలు (యాంటీబాడీలను తయారుచేసే తెల్ల రక్తకణాలు) పనికిరాని యాంటీబాడీలను తయారుచేస్తాయి. వాటిలో చల్లదనానికి గడ్డకట్టే రకాన్ని క్రయోగ్లోబ్యులిన్లు అంటారు. ఇవి చిన్న రక్తనాళాల్లో పేరుకుని వాపు తెస్తాయి. వీటివల్ల రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతం అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష) కూడా పాజిటివ్ వస్తుంది, దాంతో కీళ్లవాతం అనుకుని ఆ మందులే మొదలుపెట్టడమూ ఉంది.

క్రయోగ్లోబ్యులిన్లు ఉన్నాయో లేదో చెప్పే రక్తపరీక్షలో ఒక మెలిక ఉంది. రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచి ల్యాబ్‌కు చేర్చాలి. దారిలో చల్లబడితే ఆ ప్రొటీన్ ముందే గడ్డకట్టి, రిపోర్టులో 'లేదు' అని వచ్చేస్తుంది. సి4 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక రక్త ప్రొటీన్) బాగా తక్కువగా ఉంటే ఆ 'లేదు'ను నమ్మకండి, మళ్లీ చేయించండి.

పరిష్కారం: వైరస్‌ను వదిలించడమే. చాలామందికి 8 నుంచి 12 వారాల మాత్రలు సరిపోతాయి, నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. కిడ్నీలు, నరాలు గట్టిగా దెబ్బతింటే రిటుక్సిమాబ్ (బి కణాలను తగ్గించే మందు) కూడా అవసరపడొచ్చు. మచ్చలు తగ్గినంత త్వరగా తిమ్మిర్లు తగ్గవు.

సమస్య: మూత్రంలో నురగ, కాళ్ల వాపు, పెరిగిన బీపీ

ఇదీ ఆ క్రయోగ్లోబ్యులిన్ల పనే కావచ్చు, ఈసారి కిడ్నీ వడపోతలో. మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూపించుకోండి.

సమస్య: ఎండ తగిలిన చేతుల మీద నీటి పొక్కులు

ఇది పోర్ఫిరియా (ఎండ తగిలితే చర్మం పొక్కే జబ్బు) కావచ్చు. ఒంట్లో ఐరన్ ఎక్కువైతే, మద్యం తోడైతే ముదురుతుంది. నీరసంగా ఉందని సొంతంగా ఐరన్ మాత్రలు వేసుకోకండి.

సమస్య: అదుపులోకి రాని షుగర్

వైరస్ ఉన్నప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయదు. చికిత్స మొదలయ్యాక షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లు తరచుగా చూసుకోవాలి.

మెడలో గడ్డలు, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే మాత్రం ఆగొద్దు. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) ఉందేమో చూడాలి.

మాత్రలు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, అది అణిగి ఉంటే మళ్లీ లేవొచ్చు. కోర్సు అయిన 12 వారాలకు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష (రక్తంలో వైరస్ ఇంకా ఉందో లేదో చెప్పేది) చేయించుకోండి. యాంటీబాడీ పరీక్ష నయమైనా పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి టెన్షన్ పడక్కర్లేదు.