డంప్‌స్టర్ అద్దెకు తీసుకునే ముందు: సైజు కన్నా బరువు చూసుకోండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు వంటగదినో బాత్రూమునో మార్పించుకోవాలనుకున్నప్పుడు క్యాబినెట్ల రంగు గురించీ గ్రానైట్ గురించీ వారాల తరబడి ఆలోచిస్తాయి గాని, ఊడబెరికిన పాత సామానంతా ఎక్కడికి పోవాలన్న సంగతిని చివరి నిమిషం వరకూ పట్టించుకోవు. వారంవారం వచ్చే చెత్త బండి ఇటువంటి శిథిలాలను సాధారణంగా తీసుకోదు కనుక డంప్‌స్టర్, అంటే అద్దెకు తెచ్చుకునే పెద్ద ఇనుప చెత్త డబ్బా, అవసరమవుతుంది. అయితే ముందుగా కాంట్రాక్టరు ఇచ్చిన కొటేషన్‌లో చెత్త తరలింపు ఖర్చు కలిసి ఉందో లేదో చూసుకోవాలి. కలిసి ఉంటే మీరు విడిగా డబ్బు పెట్టనక్కరలేదు.

డంప్‌స్టర్లు 10, 20, 30, 40 యార్డుల సైజుల్లో దొరుకుతాయి. ఆ అంకె అందులో పట్టే ఘన గజాలను సూచిస్తుంది. ఒక ఘన గజమంటే 27 ఘనపుటడుగులు. ఒక బాత్రూముకో గ్యారేజీ ఖాళీ చేయడానికో 10, వంటగదికి 20, ఇల్లంతా మార్చేటప్పుడు 30 తీసుకోవడం వాడుక.

చాలామంది సైజు ఎంచుకోవడంతో ఆగిపోతారు. నిజానికి బిల్లు పెరిగేది బరువు వల్ల. అద్దెలో ఇన్ని టన్నుల వరకే అని ఒక పరిమితి ఉంటుంది, అది దాటితే ప్రతి టన్నుకూ అదనంగా వసూలు చేస్తారు. ఇక్కడి టన్ను 2,000 పౌండ్లు, అంటే దాదాపు 907 కిలోలు. ఒక ఘన గజం కాంక్రీటు సుమారు 4,000 పౌండ్లు తూగుతుంది. ఆ లెక్కన 10 యార్డుల డబ్బాను గట్టి కాంక్రీటుతో నింపితే 20 టన్నులవుతుంది, దాన్ని ఎత్తుకుపోవడం మామూలు లారీ వల్ల కాదు. అందుకే కాంక్రీటు, ఇటుక, మట్టి వంటివి వేరే చిన్న డబ్బాలో, వేరే చెత్త కలపకుండా వేయమంటారు. ఇంటి కప్పు సంగతి చూడండి: పాతకాలపు మామూలు షింగిల్స్ (కప్పు మీద పరిచే తారు పలకలు) 100 చదరపు అడుగులకు సుమారు 240 పౌండ్లు ఉంటాయి, కనుక 2,000 చదరపు అడుగుల కప్పును ఒలిస్తే 2.4 టన్నులు, కింద మరో పొర ఉంటే అందుకు రెట్టింపు. డబ్బాలో ఇంకా చోటు కనిపిస్తూనే ఉంటుంది గాని బరువు పరిమితి దాటిపోయి ఉంటుంది. పాత కార్పెట్, డ్రైవాల్ (గోడలకు వాడే జిప్సం పలకలు) వాన నీటిని పీల్చుకుని మరింత బరువెక్కుతాయి కనుక, సాయంత్రం పని ఆపగానే డబ్బా మీద టార్పాలిన్ కప్పి తాడుతో బిగించడం మంచిది.

కాబట్టి బుక్ చేసే ముందు ఎన్ని టన్నులు, ఎన్ని రోజులు, అవి దాటితే ఎంత, లారీ వచ్చి డబ్బా తీయలేక వెనక్కి పోతే ఎంత అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి.

పెయింటు, బ్యాటరీలు, టైర్లు, ప్రొపేన్ సిలిండర్లు, ఫ్రిజ్‌లు ఇందులో వేయనివ్వరు. వీటికి మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రాన్ని అడగాలి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడల రంగులో సీసం, గరుకైన పాప్‌కార్న్ సీలింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ల్యాబులో పరీక్ష చేయించకుండా వాటిని గీకడం గాని పగలగొట్టడం గాని చేయవద్దు. ఆ దుమ్ము పీల్చేది ఇంట్లోని పిల్లలే. పనికొచ్చే క్యాబినెట్లు, తలుపులు, సింకులు హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సేవాసంస్థ వారి రీస్టోర్ దుకాణాలు విరాళంగా తీసుకుంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మంచి తలుపును పారేయడానికి మనసొప్పక అడ్డుపడితే వారి మాటలో న్యాయముందనే నా అభిప్రాయం, పైగా డబ్బాలో బరువూ తగ్గుతుంది.

డ్రైవ్‌వే మీద పెట్టేటట్లయితే, మీ కాలనీకి హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే దాని అనుమతి, వీధిలో పెట్టేటట్లయితే చాలా నగరాల్లో పర్మిట్ కావాలి. లారీ తన వెనుక భాగాన్ని పైకెత్తి డబ్బాను జారవిడుస్తుంది కనుక పైన కరెంటు తీగలు, చెట్టు కొమ్మలు లేకుండా, ముందు దాదాపు 60 అడుగుల నిడివి ఖాళీగా ఉండాలి. డబ్బా ఇనుప చక్రాలు దిగేచోట మందపాటి చెక్కలు పరవమని డ్రైవరుకు ముందే చెప్పండి, లేకపోతే వేసవి ఎండకు మెత్తబడిన తారు డ్రైవ్‌వే మీద గుంటలు పడతాయి.

నింపేటప్పుడు వెనుక తలుపు తెరిచి లోపలికి నడిచివెళ్లి, తలుపులు, ప్లైవుడ్ వంటి బల్లపరుపు వాటిని అడుగున పేర్చి, టైల్స్ వంటి బరువైనవాటిని ఒకేచోట పోయకుండా సమంగా పరచండి. క్యాబినెట్లను అలాగే పడేస్తే సగం డబ్బా గాలితోనే నిండుతుంది, విడదీసి పలకలుగా వేయాలి. అంచుకు పైన ఏదీ కనిపించకూడదు, లేకపోతే డ్రైవరు తీసుకుపోనంటాడు. తీసుకువెళ్లే రోజున దారిలో కార్లు లేకుండా చూసుకుని, డబ్బా ఫోటో ఒకటి తీసి ఉంచుకోండి. అదనపు బరువుకు బిల్లు వస్తే డబ్బు కట్టే ముందు ల్యాండ్‌ఫిల్ (చెత్తను పూడ్చే స్థలం) వారు ఇచ్చిన తూకం చీటీ పంపమని అడగండి.