బయటి రాష్ట్రాల తెలుగు సంఘాలకు వాక్యం చెప్పడానికి వెళ్తున్నవాళ్లకు

మా ఒంగోలు చుట్టుపక్కల సంఘాల నుంచి ఈ మధ్య చాలామంది పిల్లలు బయటి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్ల సంఘాలకు బోధకు వెళ్తున్నారు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లు, భిలాయి స్టీల్ ప్లాంటు సెక్టార్లు, సూరత్ మరమగ్గాల బస్తీలు, షోలాపూర్. వెళ్లేముందు కొందరు నా దగ్గరకు వచ్చి, "టీచర్‌గారూ, అక్కడ ఏం మెసేజ్ చెప్పమంటారు?" అని అడుగుతారు. నేను వాళ్లను ఇంకొకటి అడుగుతాను. నువ్వు తిరుగు రైలెక్కిన మర్నాడు ఆ పాఠం ఆ ఊళ్లో ఎవరు చెబుతారు? ఒక మనిషి పేరు చెప్పగలిగితే బయల్దేరమంటాను. లేకపోతే ముందు ఫోన్లు చేసి ఆ మనిషిని వెతకమంటాను.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. అప్పటి నుంచి ఈ ప్రయాణాలే నా పని. పెద్ద సభల్లో మాట్లాడను. సండే స్కూల్ టీచర్లకు, స్త్రీల సమాజంలో ఉన్నవాళ్లకు పాఠం చెప్పడం నేర్పుతాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ పనికి సంబంధించిందే.

ఇందులో నాకు దారి చూపింది మా ప్రాంతపు చరిత్రే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. ఆయన ఇంకా అడుగు పెట్టని పల్లెల్లో అప్పటికే యెర్రగుంట్ల పేరయ్య అనే చర్మాల వ్యాపారి తను విన్నది విన్నట్టు తన వాళ్లకు చెబుతున్నాడు. దొర గుడారం వేసేసరికి అక్కడ వినడానికి సిద్ధంగా జనం ఉన్నారంటే అది పేరయ్య చేసిన పని. మనం 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి చెప్పుకుంటాం గానీ, దాని వెనక ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి చెప్పిన తెలుగు బోధకులను తలచుకోం. మీరు వెళ్లే ప్రతి ఊళ్లోనూ ఒక పేరయ్య ఉంటాడు. చాలాసార్లు ఆ మనిషి ఒక పేరమ్మ. ఆమె కోసమే మీ ప్రయాణం.

ఎప్పుడు వెళ్లాలి

వేసవి సెలవులనగానే మనకు వి.బి.ఎస్. (పిల్లల వెకేషన్ బైబిల్ స్కూల్) గుర్తొస్తుంది. మన ఊళ్లలో అది సరే. బయటి రాష్ట్రాల్లో మాత్రం మే నెలలో సంఘం సగం ఖాళీ. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, అమ్మమ్మ ఊరు అంటూ అందరూ శ్రీకాకుళమో, విజయనగరమో, కరీంనగరో వచ్చేసి ఉంటారు. సూరత్‌లో దీపావళికి మగ్గాలు ఆగిపోతాయి, అప్పుడూ అంతే. ఖరగ్‌పూర్‌కు దసరా సెలవులు బాగుంటాయి. బెంగాల్‌లో పూజ సెలవులు కాబట్టి పిల్లలు ఇంట్లోనే ఉంటారు. డిసెంబరు వద్దు. సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, డ్రామా ప్రాక్టీసుల మధ్య కుదురుగా కూర్చుని నేర్చుకునే ఓపిక ఎవరికీ ఉండదు.

తేదీ కుదిరాక డ్యూటీల సంగతి అడగండి. భిలాయిలో మూడు షిఫ్టులు. సూరత్ మగ్గాల్లో పన్నెండేసి గంటలు, పగలొక బ్యాచ్, రాత్రొక బ్యాచ్. సాయంత్రం ఏడింటికి ఒక్క కూడిక పెడితే సగంమంది ఎప్పటికీ వినరు. అందుకే నేను ఒకే పాఠం రోజుకు రెండుసార్లు చెబుతాను, ఉదయం పదికి ఒకసారి, సాయంత్రం ఒకసారి. గొంతు అలసిపోతుంది, నిజమే. కానీ నైట్ డ్యూటీ దిగి, నిద్ర మానుకుని వచ్చి కూర్చున్న మనిషి వినేటంత శ్రద్ధగా ఇంకెవరూ వినరు. షోలాపూర్‌లో బీడీలు చుట్టే స్త్రీలు చేటలు ఒళ్లో పెట్టుకునే వస్తారు. చేతుల పని ఆపమని అడగకండి. వెయ్యికి ఇంత అని కూలి వాళ్లది. చుడుతూనే వింటారు, చుడుతూనే జవాబు చెబుతారు.

రైళ్ల మాట తొందరగా చెప్పేస్తాను. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు. సూరత్‌కు నవజీవన్, షోలాపూర్‌కు కోణార్క్, భిలాయి వైపు విశాఖ నుంచి సమతా, ఖరగ్‌పూర్‌కు హౌరా వెళ్లే రైళ్లు. తిరుగు టిక్కెట్టు కూడా ముందే చేయించుకోండి. లేకపోతే ఆ భారం మీకు బస ఇచ్చిన ఇంటి మీద పడుతుంది.

ఏం చెప్పాలి

ఒక ఊరికి ఒక పుస్తకం చాలు. పది అంశాలు తీసుకెళ్లి పది రాత్రులు చెబితే, మీరు బాగా మాట్లాడారని మాత్రమే వాళ్లకు గుర్తుంటుంది. నేను మొదటిసారి వెళ్లే ఊరికి బైబిల్లోని రూతు గ్రంథం తీసుకెళ్తాను. నాలుగే అధ్యాయాలు, నాలుగు పూటల్లో అయిపోతుంది. పైగా అది వలస వెళ్లినవాళ్ల కథ. ఊళ్లో కరువొచ్చి, భార్యాబిడ్డలతో పరాయి దేశం పోయి, అక్కడే పిల్లలకు పెళ్లిళ్లు చేసి, అక్కడే మనుషులను పోగొట్టుకున్న కుటుంబం. ఖరగ్‌పూర్‌లో మూడు తరాలుగా ఉంటున్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మొదటి అధ్యాయం చదవగానే ఎవరో ఒక పెద్దావిడ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంటుంది.

మొదటి పూట మీరే చెప్పండి. పుస్తకం మూసి, కథలాగా, పావుగంటకు మించకుండా. తర్వాత ఒకరిని లేపి అదే కథ అప్పజెప్పమనండి. ఆ మనిషి వదిలేసిన ముక్కను పక్కవాళ్లు అందిస్తారు. లేనిది కలిపితే, "అది వాక్యంలో ఉందా, చూద్దామా?" అని అందరి చేతా పుస్తకం తెరిపించండి. ఆ తర్వాతే ప్రశ్నలు. ఇందులో ఎవరెవరు ఉన్నారు? ఎవరేమన్నారు? రూతు అత్త నయోమి ఎందుకు అంత చేదుగా మాట్లాడింది? మన ఇళ్లలో అలా మాట్లాడే అత్త ఉంటే మనమేం చేస్తున్నాం? చివరి ప్రశ్నకు జవాబు అక్కడికక్కడే రాకపోతే వదిలేయండి, ఇంటికి వెళ్లాక వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు.

రెండో పూట నాకు చాలా ఇష్టం. రూతు పొలంలో పరిగె ఏరుకునే అధ్యాయం. క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు పరిగె అంటే తెలియదు. అప్పుడు మీరు వివరించకండి. అక్కడున్న అమ్మమ్మలను అడగండి. కోతలయ్యాక కళ్లం దగ్గర వెన్నులు ఎలా ఏరేవాళ్లు, ఆసామి ఎవరిని ఏరనిచ్చేవాడు, ఎవరిని తరిమేవాడు, ఒడిలో ఎన్ని గింజలు వచ్చేవి. రూతు ఏరిన తూము అంటే ఎంతో కూడా వాళ్లకే తెలుసు. ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని, చదువు రాదని నోరు విప్పని స్త్రీలు ఆ పూట పాఠం చెబుతారు. పిల్లలు తమ నాయనమ్మను కొత్తగా చూస్తారు. ఆ పొలం ఆసామి బోయజు తన పనివాళ్లతో, కావాలనే కొన్ని పరకలు వదిలేయమని చెప్పిన మాట ఎంత పెద్ద మర్యాదో నేను చెప్పే కన్నా, ఒకప్పుడు పరిగె ఏరిన మనిషి చెబితే ఎక్కువ దిగుతుంది.

మూడో పూటకల్లా మీ పేరమ్మ ఎవరో తెలిసిపోతుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాకపోవచ్చు. పిల్లలు ఎవరి పక్కన చేరతారో చూడండి, ఎవరింటికి కూర గిన్నె పట్టుకుని నలుగురూ వెళ్తారో చూడండి. అయ్యగారితో, పాస్టరమ్మగారితో మాట్లాడి, వాళ్లు సరేనన్నాకే ఆమెను అడగండి. నాలుగో అధ్యాయం ఆమె చేతే చెప్పించండి. ముందు రోజు మధ్యాహ్నం ఆమె వంటింట్లో కూర్చుని, ఆమె పని చేసుకుంటుంటే అప్పజెప్పించుకోండి.

చదవడం దగ్గర ఒక చిక్కు ఉంది. ఈ పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం హిందీయో బెంగాలీయో గుజరాతీయో. తెలుగు అక్షరాలు రావు. దానికి వాళ్లను గానీ తల్లిదండ్రులను గానీ తప్పుపట్టకండి. కంఠత వాక్యం నోటితోనే నేర్పండి. చిన్న చిన్న ముక్కలుగా విరిచి, చప్పట్లతో, వరసగా. 23వ కీర్తన మొత్తం రెండు పూటల్లో వచ్చేస్తుంది. కొందరు పిల్లలు దాన్ని హిందీ అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుంటారు, రాసుకోనివ్వండి. పాటలకైతే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల కన్నా మంచి పాఠ్యపుస్తకం నేను చూడలేదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి చరణం చరణంగా నేర్పితే, నేర్పినవాళ్లు పోయినా సిద్ధాంతం నోట్లో ఉండిపోతుంది. కీబోర్డు, ట్రాక్ ఏమీ అక్కర్లేదు.

చట్టం, కానుకలు

ఈ భాగం జాగ్రత్తగా చదవండి. రాజ్యాంగం 25వ అధికరణం మన విశ్వాసాన్ని పాటించే, ప్రచారం చేసుకునే హక్కు ఇస్తుంది. అది ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి ఉంటుంది. ప్రచారం చేసుకునే హక్కంటే ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బలవంతంగా, మోసంతో, ఆశ చూపి చేసే మతమార్పిడికి వ్యతిరేకంగా ఒడిశా 1967లో, మధ్యప్రదేశ్ 1968లో చట్టాలు చేశాయి. మధ్యప్రదేశ్ విడిపోయాక భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌కూ ఆ చట్టమే వచ్చింది. గుజరాత్ చట్టం 2003 నాటిది, 2021లో ఇంకా గట్టి చేశారు. ఇవి మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరేముందు ఆ ఊరి పెద్దల ద్వారా అక్కడి లాయరును అడిగి తెలుసుకోండి. మీరు వెళ్తున్నది ఉన్న సంఘాన్ని బలపరచడానికి. కూడికలు సంఘం స్థలంలోనే జరగనివ్వండి. పిల్లల తరగతికి తల్లిదండ్రుల సంతకం ఉన్న కాగితం తీసుకోండి, అందరూ తెలిసినవాళ్లే అయినా సరే. రైల్లో కరపత్రాలు పంచకండి. అక్కడ జరిగే గొడవను తర్వాత మోయాల్సింది ఆ ఊళ్లో కాపురముండే కుటుంబాలు.

అమెరికా నుంచి చుట్టం వస్తున్నారు, వాళ్లనూ తీసుకెళ్దామా అని కొందరు అడుగుతారు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు బోధించకూడదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డున్న మనవాళ్లు కూడా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే చుట్టంగా వచ్చి, ఆరాధనలో కూర్చుని వెళ్లనివ్వండి.

కానుకల విషయంలో నేను కఠినంగా ఉంటాను. బట్టలు, బ్యాగులు, బియ్యం ఏవీ బోధతో కలపకండి. చట్టం కోసమని మాత్రమే కాదు. 1876–78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలంలో జనం బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. కరువు తీరి, సాయం ఆగిపోయాకే ఇచ్చాడు. అన్నం కోసం వచ్చారనే మాట ఆ బిడ్డల మీద పడకూడదని ఆయన చేసిన ఆ పనిని నేను ప్రతి కొత్త బోధకుడికీ చెబుతాను.

బస ఎవరింట్లో అయినా సరే, సంఘంలో డబ్బున్నవాళ్ల ఇల్లే చూసుకోకండి. పెట్టింది తినండి. మీకోసం ప్రత్యేకంగా కోడిని కొయ్యవద్దని మొదటి రోజే చెప్పండి. వినరు, అయినా చెప్పండి. దారి ఖర్చులకని కవరు ఇస్తే, టిక్కెట్టు డబ్బు వరకు తీసుకుని మిగతాది సండే స్కూల్ పెట్టెలో వేసి రండి, సంఘ పెద్ద చూస్తుండగా.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన వారంలోనే పాఠాలు నాలుగూ మీ గొంతుతో రికార్డు చేసి, ఒక్కొక్కటి పది నిమిషాలు మించకుండా, ఆ పేరమ్మ ఫోనుకు వాట్సాప్‌లో పంపండి. గ్రూపులో పెట్టకండి. ఆమె విని, తన మాటల్లో ఆమే చెప్పాలి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, ఎంతమంది వచ్చారని కాదు, ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఆగిపోయారని అడగండి. ఆ జవాబు వింటే తర్వాత ఏం నేర్పాలో మీకు తెలుస్తుంది. నైట్ డ్యూటీ వారంలో ఫోన్ ఎత్తకపోతే కంగారు పడకండి.

రెండోసారి వెళ్లినప్పుడు మీరు పాఠం చెప్పకండి. ఆమె చెబుతుంటే పిల్లలతోపాటు చాప మీద వెనక కూర్చోండి. తప్పు దొర్లినా అక్కడ సరిదిద్దకండి, అందరూ వెళ్లాక ఆమెతో ఒక్కదానితోనే మాట్లాడండి. రూతు అందరికీ వచ్చేసిందనిపిస్తే యోనా మొదలుపెట్టమనండి. అదీ నాలుగు అధ్యాయాలే, పిల్లలు చేపను వదలరు కాబట్టి మొదటి పూట ఆమెకు కష్టం ఉండదు. నాలుగో అధ్యాయం మాత్రం బయల్దేరేముందు ఆమెతో కలిసి రెండుసార్లు చదవండి.